రాతిగుంటలో పదకొండు రకాలు

రోజారమణి ఆ కాలేజీ అబ్బాయి చెయ్యి పట్టుకుని నీళ్లలో ముంచుతా ఉందని రాఘవమ్మ చెప్పిందట. చెప్పింది చేపల బుట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్లకు. ఆ మాట రోజా తల్లి ముసలమ్మ చెవిన పడేసరికి ఇద్దరూ నడుములోతు నీళ్లలో ఉన్నారన్నంతగా పెరిగింది.

ముసలమ్మ వాకిలి ఊడుస్తున్న చీపురుతోనే సముద్రం వైపు పరుగెత్తింది.

అలలకు అడ్డంగా పోసిన బండరాళ్ల మధ్య, ఆటుకు మిగిలిపోయిన నీటిగుంట పక్కన, కిషోర్ బాబు మోకాళ్ల మీద ఉన్నాడు. కొడవలూరు రైతు బిడ్డ, నెల్లూరులో ఎమ్మెస్సీ. రాళ్లకు అంటుకుని పువ్వుల్లా విచ్చుకునే సీ అనిమోన్లనే సముద్రజీవుల్లో ఎన్ని రకాలున్నాయో గుర్తించడానికి రెండు నెలలుగా వస్తున్నాడు. పదకొండని తేల్చాడు. రేపు కాలేజీలో అందరి ముందు చెప్పాలి. ఈ రాళ్ల మీద దారి చూపేది రోజా.

రాఘవమ్మ చెప్పింది నిజమే. అతని వేలు రోజా గుప్పిట్లో ఉంది.

ముసలమ్మ చీపురు పైకెత్తింది.

"ఉండుమా, సారుకు ఒకటి చూపించాల," అంది రోజా, వేలు వదలకుండానే. "సార్, ఈ ఇసక ముద్ద మీ లెక్కలో ఎన్నో నంబరు?"

"మూడు."

రోజా రొయ్య ముక్క వదిలింది. ముద్ద మెల్లగా విచ్చుకుంది. ఊదారంగు రేకులు ఊగాయి.

"ఇప్పుడు?"

"ఏడు..." కిషోర్ ముఖం పాలిపోయింది.

రోజా అతని వేలిని రేకులకు తగిలించింది. అవి జిగురులా పట్టుకుని, చటుక్కున లోపలికి ముడుచుకున్నాయి. ఇసక రాలిపోయి ఎర్రటి గుండీలాంటిది మిగిలింది.

"తొమ్మిది!" అతను గుంటలోకి ఇంకా వంగాడు. "ఈ మూడు రకాలూ ఒకటేనా?"

"మీ పదకొండూ కలిపి రెండే రకాలు సార్. ఒకటి వేలిని పట్టుకుంటాది, ఇంకోటి పట్టుకోదు. పొద్దున ఒక మాదిరి, ఎండకు ఒక మాదిరి ఉంటాయి, అంతే."

"ఓరి దేవుడా, రెండు నెలలూ చేసింది ఇదా?" ముసలమ్మ రాయి మీద కూలబడింది.

కిషోర్ ఆమెను చూసే స్థితిలో లేడు. "నీకెప్పటినుంచి తెలుసు రోజా?"

"చిన్నప్పట్నుంచి."

"మరి ఇవాళ చెప్తావా!"

"రేపు అంతమందిలో నవ్వులపాలైతే చూళ్లేక చెప్పినా."

"అది సరే. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

ముసలమ్మ కూడా కూతురి ముఖంలోకే చూసింది.

రోజా తడిచేతులు చున్నీకి తుడుచుకుంది.

"చెప్పుంటే మొదటి వారమే బస్సెక్కి పోయుంటావు గదా!"