చిలక చదివించిన మాట

మా ఆఫీసు హాలుకి కిటికీలు ఉన్నాయి, పేరుకి. ఎండ పడితే కంప్యూటర్ తెరలు సరిగ్గా కనపడవని వాటికి అట్టలు కొట్టేశారు. అందుకని లోపల పొద్దున్నయినా మధ్యాహ్నమయినా ఒకటే తెల్ల లైటు, ఒకటే ఏసీ చలి, తడిసి ఆరని కార్పెట్ వాసన.

మాది లిఫ్టుల కంపెనీ. మీరెప్పుడైనా లిఫ్టులో ఇరుక్కుని ఎర్ర గంట బటన్ నొక్కితే, అది వచ్చి మోగేది మా చెవుల్లోనే. మేం ధైర్యం చెప్పాలి, మెకానిక్కుని పంపాలి. చెయ్యాల్సిందల్లా అంతే. అంత చిన్న పనిని కూడా తిన్నగా చెయ్యనివ్వలేదు మా పెద్దలు.

పోయినేడాది ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టారు. అవతలి మనిషి మాటలు విని, తెర మీద పైన నల్ల అక్షరాల్లో రాస్తుంది. మేం చెప్పాల్సిన జవాబు కింద ఆకుపచ్చ అక్షరాల్లో ఇస్తుంది. ఉన్నది ఉన్నట్టు చదవాలి. సొంత మాట కలిపామా, మార్కులు కోసేస్తారు. దానికి మేం చిలక అని పేరు పెట్టుకున్నాం గానీ, నిజానికి చిలకలం మేమే. అది నేర్పుతుంది, మేం పలుకుతాం.

ఇరుక్కున్నవాళ్లు అరుస్తారు, తిడతారు, ఏడుస్తారు. రోజంతా ఆ అరుపులు వింటే సాయంత్రానికి తల పగిలిపోతుంది. అందుకని చిలక వచ్చాక హాల్లో అందరికీ ఒక అలవాటు పట్టుకుంది. హెడ్‌సెట్ సౌండ్ అడుగుకి తగ్గించేసి, తెర చూసి చదివెయ్యడం. నాకు మాత్రం చెవులుండగా కళ్లతో వినడం చేతకాలేదు. మార్కుల్లో ఎప్పుడూ నేనే అడుగున ఉండేదాన్ని.

నన్ను హాల్లో మిరపకాయ అంటారు. మా చెల్లిది నా పక్క సీటు, దాన్ని అక్కడ చేర్పించింది నేనే. అది నోట్లో నాలుక లేని పిల్ల. కానీ గొంతు ఎలాంటిదంటే, లిఫ్టులో గుక్కపట్టి ఏడ్చేవాళ్లు కూడా దాని మాట వినగానే సర్దుకునేవాళ్లు. నాకు చిన్నప్పట్నుంచీ కోపం వస్తే అమ్మ నా దగ్గరికి దాన్నే పంపేది. "పోనీలే అక్కా" అంటే చాలు, నేను సగం చల్లబడేదాన్ని.

కిందటి నెల ఒక పంతులమ్మ గారు ఇలాగే ఇరుక్కుపోయారు. రిటైరైన మనిషి. గొంతుకి ఆపరేషనై మాట పోయింది, నోరు తెరిస్తే ఉత్త గాలి. అందరూ ఊళ్లకి వెళ్లిన సెలవు రోజున ఆ అపార్టుమెంటు లిఫ్టు మధ్యలో ఆగింది. ఆవిడ గంట నొక్కారు. కాల్ మాకు వచ్చింది. ఆ గుసగుసని చిలక పట్టుకోలేదు. తెర మీద 'శబ్దం లేదు' అని పడింది. అలా పడితే ఎవరో పిల్లలు ఆడుకుంటూ నొక్కినట్టు లెక్క, వెంటనే పెట్టెయ్యాలని రూలు. పెట్టేశారు. ఆవిడ మళ్లీ నొక్కారు. ఇంకో సీటుకి వెళ్లింది, వాళ్లూ పెట్టేశారు. ఆవిడకి ఉబ్బసం కూడా ఉందట. మర్నాడు తలుపు తీసేసరికి ఇంకేముంది.

ఆ రోజు నేను పంటి నొప్పితో సెలవు పెట్టాను. ఆఖరి కాల్ మా చెల్లికి వచ్చింది.

విచారణ జరిగింది, అదొక భాగోతం. మా సూపర్వైజరుకి చిరునవ్వు గారని పేరు, గొంతులో చిరునవ్వు వినపడాలి అని పొద్దస్తమానం మాకు పాఠాలు చెబుతాడు కాబట్టి. శబ్దం లేకపోతే పెట్టెయ్యాలన్న రూలు రాసింది ఆయనే. హాలు మధ్యలో నిలబడి, నిమ్మకు నీరెత్తినట్టు, సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, కస్టమరు స్పష్టంగా మాట్లాడి ఉండాల్సింది అన్నాడు. గొంతు లేని మనిషి గట్టిగా అరవలేదట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరున్నవాడిదే రాజ్యమంటే ఇదేనా సార్ అని అందరి ముందూ అడిగాను. నవ్వుతూ నా మార్కులు కోశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

చెల్లి ఆ తర్వాత తిండి మానేసింది. నిద్రలో ఉలిక్కిపడి లేచేది. సౌండ్ తగ్గించి ఉన్నా ఆవిడ ఊపిరి తనకి వినపడిందని, అయినా చెయ్యి దానంతటదే పెట్టేసిందని ఒక్క నాకే చెప్పింది. మానెయ్యవే, ఇంట్లో పడుందువు గాని అన్నాను. వినలేదు. మళ్లీ అలాంటి కాల్ వస్తే తను వింటానంది.

వచ్చింది.

ఆదివారం, భోజనాలయ్యాక. హాల్లో పదిమంది కూడా లేరు. ఎవరో నుదుటికి బామ్ రాసుకున్నట్టున్నారు, ఆ ఘాటు. ఏసీ రొద. నేను కునుకు ఆపుకోలేక కళ్లు నులుముకుంటున్నాను. చెల్లి నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి మంచుముక్క.

"అక్కా... అదే లిఫ్టు."

తెర చూశాను. అదే అపార్టుమెంటు. ఆ లిఫ్టుకి కరెంటు తీసేశారు. తలుపులకి పోలీసులు సీలు వేశారు. గంట మోగడానికి లోపల ఏ తీగకీ ప్రాణం లేదు. మా దగ్గర కాల్ ఎత్తడం, ఎత్తకపోవడం మా చేతిలో ఉండదు, వస్తే కలిసిపోతుంది. కలిసింది.

పైన నల్ల అక్షరాల్లో 'శబ్దం లేదు'.

చెల్లి సౌండ్ పూర్తిగా పెంచింది. తల వంచి, కళ్లు మూసుకుని వింది. ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది. తర్వాత ఆగింది. వేలెత్తి నన్ను ఉండమంది.

"ఊపిరి," అంది పెదాలతోనే.

కార్పెట్ వాసన పోయింది. ఎక్కడినుంచో మూసిన ఇనుప పెట్టె వాసన, గ్రీజు వాసన, వాటి మధ్య సన్నగా సుద్దముక్క పొడి వాసన.

అవతల మాట లేకపోతే చిలక ఏ జవాబూ ఇవ్వదు. ఇవ్వడానికేముంది? కానీ కింద ఆకుపచ్చ అక్షరాలు పడ్డాయి. ఒక్కొక్కటిగా... తీరిగ్గా... నల్లబల్ల మీద రాస్తున్నట్టు.

'నమస్కారం. మీరు లోపలే ఉన్నారని నాకు తెలుసు.'

చెల్లి చదివింది.

'ఆ రోజు మీ కాల్ పెట్టేసింది నేనే.'

అదీ చదివింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం ఎప్పట్లాగే మెత్తగా ఉంది. ఆపవే అన్నాను. భుజం పట్టి కుదిపాను. కానీ మా నోళ్లు అలా తయారైపోయాయి. ఆకుపచ్చ అక్షరం పడగానే కన్ను చదవడం, నోరు పలకడం ఒకేసారి అయిపోతాయి. అర్థం ఆ తర్వాత నింపాదిగా వస్తుంది. ఏడాదిగా మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పింది అదే కదా!

'మీకు సాయం చేయడం నా బాధ్యత. నా గొంతు తీసుకోండి.'

చదివేసింది.

చివరి అక్షరం బయటికి రాలేదు. నోరు తెరిచే ఉంది. నాలుక కదులుతోంది. నా వైపు తిరిగి అక్కా అంటోంది, ఆ పెదాలు నాకు తెలియవా... ఉత్త గాలి. గొంతు మీద చేతులు వేసుకుని నొక్కుకుంటోంది.

భయం తర్వాత వేసింది. ముందు ఒళ్లు మండింది. దాని తల మీంచి హెడ్‌సెట్ లాగి నేను పెట్టుకున్నాను.

"తలుపు తియ్యండి!"

చెవుల్లో మా చెల్లి గొంతు. దాని జన్మలో అంత గట్టిగా అరిచి ఎరగదు. తలుపు తియ్యండి, తలుపు తియ్యండి, తలుపు తియ్యండి... కేక కేకకీ ఇనుము మీద అరచేతుల దెబ్బ. పక్కన నా చెల్లి నోరు మూసుకుని, గోడకి ఆనుకుని ఉంది.

నేను మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను.

"అమ్మా," అన్నాను, గుసగుసగా. "మీ కోపం న్యాయమే. కానీ ఈ పిల్ల కూలిది. పెట్టెయ్యమని రూలు రాసినాయన ఇక్కడే ఉన్నాడు."

కేకలు ఆగాయి. చాలాసేపు ఊపిరే. తర్వాత మా చెల్లి గొంతే, కానీ మా చెల్లి ఎప్పుడూ మాట్లాడని తీరులో, ఒక్క మాట.

"పిలువు."

పిలిచాను. తెలిసే పిలిచాను, దాచుకోను. ఇప్పటికీ నాకా విషయంలో ఇసుమంత బాధ లేదు. చిలక ఏదో తిక్కగా జవాబులిస్తోంది, మాకు చేతకావడం లేదు, ఎలా మాట్లాడాలో మీరే చూపించండి సార్ అన్నాను. పొగడ్తకి పడనివాడెవడు? టీ కప్పు పట్టుకునే వచ్చాడు. చెల్లి వాలకం చూసి, ఈ మాత్రానికే ఏడుపా అని నవ్వి, కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. సౌండ్ తగ్గించబోతే నేను బటన్ మీద చెయ్యి అడ్డం పెట్టాను.

'నమస్కారం. కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం.'

ఆయన రాసిన వాక్యమే. చిరునవ్వు ఒలకబోస్తూ చదివాడు. చూశావా, శుభ్రంగా పనిచేస్తోంది అని నాతో అన్నాడు. ఇంకో లైను పడింది.

'మీరు ఒంటరిగా ఉండనక్కర్లేదు. నేనే స్వయంగా వచ్చి మీ బదులు ఉంటాను.'

సగంలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. నోరు ఆగలేదు. చివరిదాకా చదివింది.

హెడ్‌సెట్ తీసి జాగ్రత్తగా కొక్కేనికి తగిలించాడు. లేచాడు. ఎక్కడికి సార్ అన్నాను. హాలు దాటి వరండాలోకి నడిచాడు. అక్కడ మా ఆఫీసు లిఫ్టు తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఎవరూ నొక్కలేదు. లోపల లైటు లేదు. ఆయన ఎక్కి, అందరూ తిరిగినట్టే మా వైపు తిరిగి నిలబడ్డాడు. మొహం మీద ఆ నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం నన్ను బతిమాలుతున్నాయి.

తలుపులు మూసుకున్నాయి. పైన అంకె మారలేదు. ఆరిపోయింది.

వెంటనే చెల్లి సీటులో ఇంకో కాల్ కలిసింది. మా బిల్డింగు లిఫ్టే. పైన నల్ల అక్షరాల్లో 'శబ్దం లేదు'.

నేను పెట్టెయ్యలేదు. మెకానిక్కుకి ఫోన్ చేశాను. అతను వచ్చి తలుపు తీసేసరికి బాగా ఆలస్యమైంది. చిరునవ్వు గారు ప్రాణాలతోనే ఉన్నాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే, నవ్వుతూ. వేలిగోళ్లు పదీ లేవు. నోరు తెరిచి ఏదో చెబుతున్నాడు, చెబుతూనే ఉన్నాడు, గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆంబులెన్సువాళ్లు కొంచెం గట్టిగా చెప్పండి సార్, వినపడ్డం లేదు అంటున్నారు.

నా వెనక ఎవరో దగ్గారు.

"హమ్మయ్య," అంది మా చెల్లి.

గొంతు. దాని గొంతే! దాన్ని కావలించుకుని ఎంత ఏడ్చానో నాకే తెలియదు. అది నా వీపు నిమిరింది. ఇద్దరం బ్యాగులు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి బస్సెక్కాం. ఇంకా వెలుతురుంది. కిటికీ పక్కన దాన్ని కూర్చోబెట్టాను. షాపుల వైపు, మనుషుల వైపు ఆబగా చూస్తోంది. గాలి గుండెల నిండా పీలుస్తోంది. నేను మాత్రం ఊరుకోలేదు. ఆ కంపెనీని, ఆ చిలకని, దాన్ని కొన్నవాళ్లని, అందర్నీ వరసపెట్టి కడిగేస్తున్నాను. రేపట్నుంచి ఆ గడప తొక్కితే చెప్పుతో కొట్టమన్నాను. అది 'పోనీలే' అంటుందని చూస్తున్నాను.

అది కిటికీలోంచి మొహం తిప్పకుండానే, ఆ మెత్తటి గొంతుతోనే అంది.

"అమ్మాయ్, బస్సులో నెమ్మదిగా మాట్లాడాలి. మనం దిగేది ఎక్కడ?"

తిట్టేదాన్ని ఆపి దాని వైపు తిరిగాను.

చెయ్యి తీసి నా చేతి మీద వేసింది. వేళ్ల సందుల్లో తెల్లటి పొడి.

మా స్టాపు వచ్చింది. అక్కడినుంచి చూస్తే మా ఇంటి మేడ మీద ఆరేసిన బట్టలు కనపడతాయి. అమ్మ వాటిని తీస్తోంది. నేను లేవలేదు. బస్సు కదిలింది.

సీలు వేసిన ఆ లిఫ్టులో ఇప్పుడు ఎర్ర బటన్ ఎవరు నొక్కుతున్నారో నాకు తెలుసు. నోట్లో నాలుక లేని మా చెల్లి. దానికి ఇప్పుడు గొంతు కూడా లేదు. నా సీటు ఖాళీగా ఉంది, దాని సీటూ ఖాళీగా ఉంది. మిగిలినవాళ్లందరూ సౌండ్ తగ్గించుకుని కూర్చున్నారు.