సిల్వరు పడవలో బువ్వ

తెల్లవారేసరికి సుక్కమ్మ రెండో కుండ నీళ్లు కూడా తెచ్చి పడవలో పోసింది. చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకు చుట్టుకున్నాయి. ఖాళీ కుండ అరుగు మీద పెట్టి, పడవ అంచు పట్టుకొని లోపలికి వంగి చూసింది. రెండు కుండలు పోసినా నీళ్లు నిన్నటికంటే వేలు మందం తక్కువే ఉన్నాయి. పది రోజులుగా ఇదే వరస.

"ఎండ తాగుతాందో, కాకులు తాగుతున్నయో," అని గొణుక్కుంటూ మూడో కుండకు బయలుదేరింది.

కొత్తూరులో ఎవరి వాకిట్లో చూసినా గొర్లదొడ్డో, ఎడ్లబండో ఉంటుంది. గుర్వయ్య వాకిట్లో మాత్రం సిల్వరు గిన్నెల అల్యూమినియంతో చేసిన పదిహేనడుగుల పడవ ఉంది. నాలుగు బండల మీద ఎత్తిపెట్టి, నిండా నీళ్లు పోసిన పడవ. సాగర్ నీళ్లు అక్కడికి రెండు కోసుల దూరం. దారిన పోయేవాళ్లు ఊరికే పోరు.

"గుర్వయ్యా, నీ గొర్లు ఈత నేర్చినయా?"

"పడవల నీళ్లు పోసుడేందే తల్లీ, నీళ్లల్ల పడవెయ్యాలె గని!"

సుక్కమ్మ ఎవరికీ జవాబు చెప్పదు. ఆమె లెక్క వేరు. పెత్రమాస ఇంకా మూడు రోజులుంది.

పెత్రమాసనాడు కురుమల ఇళ్లలో చనిపోయిన పెద్దలకు అన్నం పెడతారు. అయితే పెళ్లి కాకుండా పోయినవాణ్ణి పెద్దల్లో కలపరు. వాడికి ఇంట్లో విస్తరి వెయ్యరు. వాడి అన్నం వాడి గోరీ దగ్గరికే తీసుకుపోవాలి. సుక్కమ్మ చిన్నకొడుకు బీరన్న పంతొమ్మిదేళ్లకు జ్వరం తగిలి పోయాడు. పాత ఊళ్లో గొర్లు మేపే గుట్ట మీద, వాడెప్పుడూ కూర్చునే రేగుచెట్టు కింద పెట్టివచ్చారు. ఆ మరుసటేడు డ్యాము నీళ్లలో మునుగుతుందని ఊరు ఖాళీ చెయ్యమన్నారు. ఇంటి దూలాలు తెచ్చుకున్నారు, పొయ్యిరాళ్లు తెచ్చుకున్నారు, బీరప్ప దేవుణ్ణి బండి మీద ఎక్కించి తెచ్చుకున్నారు. బీరన్నను తెచ్చుకోలేకపోయారు. నిరుడు నీళ్లొచ్చి గుట్ట చుట్టూ కమ్ముకున్నాయి. ఈ ఎండాకాలంలో కూడా దారి తేలలేదు.

నిరుటి పెత్రమాసకు గుర్వయ్య అన్నం పెట్టిన వెదురు గుల్ల నెత్తిన పెట్టుకొని ఒడ్డుకు పోయి, పుట్టి నడిపే మల్లప్ప కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"నీ దుఃఖం నాకెరుకే అన్నా," అన్నాడు మల్లప్ప. "గని సచ్చినోని బువ్వ పుట్టిల ఎక్కియ్యరాదు. గది మా తాతల సంది ఉన్న కట్టుబాటు. నేను తప్పితే రేపు నా పిల్లలు దీంట్లనే నీళ్ల మీదికి పోవాలె."

అన్నం తిరిగి ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి సుక్కమ్మ వరి అన్నం ముట్టలేదు. "వాడు తిన్ననాడే నేను తింట," అంది. ఏడాదిగా జొన్న గట్కే. అదీ కాస్త.

ఆ తర్వాతే ఈ పడవ వచ్చింది. డ్యాము మీద పెద్దసార్లు ఆదివారంనాడు చేపలు పట్టుకునేందుకు తెప్పించుకున్నదట. రాయి తగిలి అడుగు చీలితే పాత సామాను కింద అమ్మేశారు. కొన్నవాడు దాన్ని గిన్నెలు చేసేవాళ్లకు తోలుతుంటే గుర్వయ్య దారిలో ఆపాడు. నాలుగు సూడి గొర్రెలిచ్చి పడవను ఇంటికి తెచ్చాడు.

పెద్దకొడుకు పర్వతాలు ఆ రోజు మండిపడ్డాడు. "మేపుకు జాగా లేక మంద సగమైంది. ఉన్నయి గూడ పడవల పాలు జేస్తవా నాయినా? మనింట్ల ఈతొచ్చినోడు ఒక్కడన్న ఉన్నడా?"

"నీ తమ్మునికి బువ్వ వెట్టెతందుకురా."

"గా సిల్వరు మల్ల అమ్మేద్దాం. గొర్లు కొందాం. బతికున్నోళ్లకు గూడ బువ్వ గావాలె గద!"

ఆ మాట గుర్వయ్య గుండెలో ముల్లులా ఉండిపోయింది.

పడవను బాగుచేయడం వాళ్లకేం తెలుసు! తెలిసినట్టే చేశారు. సొట్టలు కట్టె సుత్తితో లోపలి నుంచి కొట్టి సాపు చేశాడు గుర్వయ్య. చీలిన అడుగుకు రెండు సిల్వరు పళ్లేలు కోసి అతుకు వేశాడు. సీలలు కావాల్సివచ్చాయి. ఇనుపవి తుప్పు పడతాయని సుక్కమ్మ తన పుట్టింటివాళ్లిచ్చిన రాగి బిందె తెచ్చి కంచరి మారయ్య ముందు పెట్టింది.

"నీళ్లకూ రాగికీ పొత్తుంటది మారయ్యా. ఇది కొట్టి సీలలు జెయ్యి."

"బంగారమసొంటి బిందె గదమ్మా!"

"నా కొడుకు బంగారం గాడా?"

ఇరవైనాలుగు సీలలు వచ్చాయి. ఉగాదికి నీళ్లు పోసి చూస్తే అతుకు దగ్గర కొద్దిగా చెమ్మ ఊరింది. అప్పుడూ దారి చూపింది సుక్కమ్మే. "మోట బొక్కెన ఎండితే ఏం జేస్తం? నానవెడితే తోలుబ్బి కుట్లు మూసుకుంటయి. దీన్నిగూడ పెత్రమాస దాక నానవెడదాం." గుర్వయ్యకు ఆ మాట ఎంతో నచ్చింది. కొడుకు పోయాక మొదటిసారి నవ్వాడు. "నీ తెలివి ముందల ఆ డ్యాము సార్లు గూడ పనికి రారే," అన్నాడు.

తాగే నీళ్లు అరకోసు నడిచి తెచ్చుకోవాలి. ఊరి బావి నీళ్లు ఉప్పు కషాయం, గొడ్లు కూడా ముట్టవు. ఆ ఉప్పునీళ్లే ఆరు నెలలుగా పడవకు మోసింది సుక్కమ్మ. సీలల చుట్టూ తెల్లగా పిండిలాంటిది పూస్తే బావి ఉప్పు అనుకొని రోజూ చీర కొంగుతో తుడిచింది, పిల్లవాడి మూతి తుడిచినట్టు.

మూడో కుండతో ఆమె తిరిగొచ్చేసరికి వాకిట్లో గుర్వయ్య అరుపులు వినిపించాయి.

"ఏం జేస్తున్నవ్‌రా ఆడ?"

పడవ కింద గొంతుక్కూర్చున్న పర్వతాలు ఉలిక్కిపడి లేచాడు. చేతిలో చెప్పులు కుట్టే ఆరె ఉంది. పడవ అడుగు నుంచి సన్నగా ధార కారుతోంది.

"ఏం లేదు నాయినా."

"చేతుల ఆరె వట్టుకొని ఏం లేదంటవా? నీళ్లెందుకు కారుతున్నయి?"

గుర్వయ్య కొడుకును పక్కకు తోసి, గడ్డపారతో ఒక వైపు బండ జరిపి పడవను ఒరిగించాడు. ఆరు నెలల నీళ్లు ఒక్కసారిగా వాకిట్లో పారాయి. వాటితోపాటు నాలుగు రాగి సీలలు రాలి బండల మీద గల్లుమన్నాయి. సీలలున్న చోట చిటికెన వేలు పట్టేంత కంతలు! మిగతా సీలలు కదులుతున్న పళ్లలా ఊగుతున్నాయి.

గుర్వయ్య ముఖం నల్లబడింది.

"పొడిసినవు గదరా! నాలుగు గొర్ల మీద ఉన్న పావురం, పేమ తమ్ముని మీద లేదా? అమ్ముకునెతందుకు పొడిసినవు!"

"నాయినా, జర నా మాటిను..."

"ఏందినేది? వాడు నీళ్ల నడుమ ఆకలితోటి కూసున్నడు. నువ్వీడ మూడు పూటల తిని పడవకు కంతలు వొడుస్తున్నవు. నాకు ఒక్కడే కొడుకురా. వాడు ఆ గుట్ట మీదున్నడు. నువ్వెవ్వనివో నాకెరుక లేదు!"

పర్వతాలు తల దించుకున్నాడు. చేతిలోని ఆరె జారి బురదలో పడింది.

ఇసుర్రాయి వదిలి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది జానమ్మ. మామ ముందు ఎన్నడూ గొంతెత్తని కోడలు.

"ఆయన పొడుస్తలేడు మామా! పూడుస్తున్నడు!"

"నువ్వుండవే," అన్నాడు పర్వతాలు.

"ఎందుకుండాలె? పది రోజుల సంది సూస్తున్న. మీరు లేవకముందు లేసి, లక్క కాగవెట్టి, గా ఆరెతోటి కంతల్ల కుక్కుతున్నడు. సూడుండ్రి, చేతులు సూడుండ్రి!"

ఆమె మొగుడి అరచేతులు లాగి చూపించింది. వేళ్ల నిండా కాలిన బొబ్బలు, ఎర్రగా అంటుకున్న లక్క.

సుక్కమ్మ కుండ దించి ముందుకొచ్చింది. "మరి నాకు చెప్పకపోతివేందిరా?"

"ఏమని జెప్పాలె అమ్మా? పడవ పాడైందంటే నువ్వు ఆ గట్క గూడ మానేస్తవు." "ఒక్కొక్కటి పూడుస్తాంటే పక్కన ఇంకోటి పడుతాంది. ఎట్ల పడుతున్నయో నాకు సమజైతలేదు."

జానమ్మ వంగి రాలిన సీల ఒకటి తీసి చూసింది. కంత అంచు గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. ఆమె ఆలోచించకుండానే అనేసింది.

"మా అవ్వగారింట్ల ఒకపారి ఇట్లనే అయ్యింది. సిల్వరు గిన్నెల ఉప్పునీళ్లు వోసి రాగి గంటె అండ్లనే మరిసిపోయినం. నాలుగొద్దులకు గంటె ఆనిన కాడ గిన్నె తిన్నట్టు కంత వడ్డది. ఉప్పునీళ్లల్ల రాగి సిల్వరును తింటదని మా అవ్వ తిట్టింది..."

చెబుతూ చెబుతూ అత్త ముఖం చూసి ఆగిపోయింది.

రాగి బిందె ఇచ్చింది ఎవరు? నానబెడదామన్నది ఎవరు? ఆరు నెలలు ఉప్పునీళ్లు మోసింది ఎవరు? సుక్కమ్మ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. తడి బురదలో అలాగే కూలబడింది.

"నేనే... నా చేతులతోటి నేనే వాని నోటికాడి బువ్వ గుంజుకున్న!"

ఆమె ఏడుపు విని పక్కిళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆ పూట ఎవరూ ఎగతాళి చేయలేదు.

రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. గుర్వయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. సుక్కమ్మ గట్క కూడా ముట్టలేదు. పెత్రమాసనాడు పొద్దున జానమ్మ స్నానం చేసి, ఎవరినీ అడగకుండా వరి అన్నం వండింది. బీరన్నకిష్టమని చింతకాయ తొక్కు తీసింది. పర్వతాలు బండి కట్టి తండ్రి దగ్గరికొచ్చాడు.

"లే నాయినా. పడవ బండెక్కియ్యాలె. ఒక్కన్ని లేపలేను."

"కంతల పడవ ఎందుకురా?"

"ఎట్లనన్న గానీ. ఒడ్డు దాకన్న తీస్కపోదాం, లే."

నీళ్ల ఒడ్డుకు చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మబ్బు పట్టి నీళ్లు బూడిద రంగులో ఉన్నాయి. గుట్ట వైపు చూసి నలుగురూ నిలువునా నీరైపోయారు. కొసన రెండు బండలు తప్ప గుట్ట లేదు. రేగుచెట్టు జాడే లేదు.

పుట్టి దగ్గర వల ఆరేస్తున్న మల్లప్ప రుమాలు తీసి చేత్తో పట్టుకొని వచ్చాడు. "రేగుచెట్టు మునిగి నెల దాటింది అన్నా. నీకు జెప్పెతందుకు నాకు నోరు రాలే."

సుక్కమ్మ ఆ మాట విన్నదో లేదో! బండి నుంచి నీళ్లలోకి సగం దించిన పడవలో అన్నం గుల్లతో సహా ఎక్కి కూర్చుంది.

"నన్ను తొయ్యిండ్రి. నేను వోతా. వాని కాడికి నేనే తీస్కపోతా."

"అమ్మా, దిగు!"

"తొయ్యిరా పెద్దోడా! నీ కాళ్లు మొక్కుతా."

పర్వతాలు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి తల్లిని రెండు చేతులా ఎత్తి ఒడ్డుకు తెచ్చాడు. ఏడాది గట్కతో ఆమె గొర్రెపిల్లంత తేలికైంది. ఆ బరువు లేకపోవడమే అతణ్ణి ఏడిపించింది.

"వాన్ని మన్నుల పెట్టి వొచ్చినం. నిన్ను నీళ్లల్ల పెట్టనియ్య. నేను గూడ నీ కొడుకునే గదమ్మా! రెండేండ్లాయె, నేను తిన్ననో లేదో ఒక్కపారి అడిగినవా?"

సుక్కమ్మ అతని ముఖంలోకి చూసింది. చాలా కాలానికి చూసినట్టుంది. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం మాసింది. వీడెప్పుడు ఇంత చిక్కిపోయాడు?

గుర్వయ్య భార్య పక్కన కూలబడ్డాడు. "నీ తప్పేం లేదే," అన్నాడు మెల్లగా. "పడవ మంచిగున్నా ఏం జేస్తుంటిమి? పైనుంచి సూసి మల్లొస్తుంటిమి. గోరీ నీళ్ల కిందున్నది. ఏ పడవైనా నీళ్ల మీదనే పోతది గద."

నీళ్లలో సగం దించిన పడవలోకి కంతల గుండా నీరు బుడబుడమని ఊరుతోంది. సుక్కమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, మోదుగాకు విస్తరి పడవలో పరిచి, అన్నం పెట్టి, తొక్కు వేసి, నీళ్ల చెంబు పక్కన పెట్టింది.

"ఇగ తొయ్యిండ్రి."

"మునుగుతది అమ్మా."

"మునగనీ బిడ్డా. మునిగితెనే వాని కాడికి వోతది."

తండ్రీ కొడుకులు చెరో వైపు పట్టి తోశారు. మల్లప్ప పుట్టిలో అన్నం ఎక్కించలేదు కానీ, తెడ్డుతో ఆ పడవను ఒడ్డు నుంచి బలంగా నెట్టాడు. గాలి గుట్ట వైపే ఉంది. సిల్వరు పడవ కొంత దూరం మెరుస్తూ పోయింది. ముందు ముక్కు వంగింది. విస్తరి ఒకసారి పైకి లేచి కనిపించింది. తర్వాత పడవ లేదు, నీళ్లే ఉన్నాయి.

"బీరన్నా... తిను బిడ్డా," అంది సుక్కమ్మ. అరవలేదు. ఇంట్లో పక్కన కూర్చున్నవాడికి చెప్పినట్టు చెప్పింది.

చలికి వణుకుతున్న పర్వతాలు భుజాల మీద గుర్వయ్య తన గొంగడి కప్పాడు. కప్పిన చెయ్యి తీయలేదు. మొన్నటి మాటకు క్షమాపణ ఎలా అడగాలో ఆయనకు తెలియదు. కొడుకు కూడా ఆ చెయ్యి తీసేయలేదు.

"గుల్లల ఏమన్న మిగిలిందా పిల్లా?" అని కోడలిని అడిగింది సుక్కమ్మ.

"అడుగున పిడికెడుంది అత్తా."

సుక్కమ్మ ఆ పిడికెడు అన్నం చేతిలోకి తీసుకుంది. ఏడాది తర్వాత వరి అన్నం. ముద్ద చేసి, ముందు పర్వతాలు నోటికి అందించింది. అతను సగం కొరికి, మిగతా సగం తల్లి చేతిలోనే వదిలేశాడు.

ఆమె దాన్ని నోట్లో పెట్టుకుంది. ఎంతసేపు నమిలినా మింగుడుపడలేదు. నీళ్ల వైపు చూస్తూనే, కన్నీళ్లతో కలిపి మింగింది.