గురువారం సంచి

"రాసుకున్న ప్రతిదీ పంపాలని మీకెవరు చెప్పారండీ?"

రేణుక రాజశేఖర్‌కు మొట్టమొదట రాసిన మాట ఇదే. నమస్కారం లేదు, పరిచయం లేదు, నేరుగా తగాదానే.

తగాదా 'కబురు' అనే యాప్ గురించి. సిగ్నల్ లేని ఊళ్ళ కోసం దాన్ని తయారుచేసినవాడు గనుల ఊరు కిరండూల్‌కు చెందిన కుర్రాడు రాజశేఖర్. తెలుగులోకి, అక్కడివాళ్ళు మాట్లాడే దోర్లీ భాషలోకి మార్చిపెట్టింది ఆవపల్లి అవతల బడిపిల్లలకు చదువు చెప్పే రేణుక. అది ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. కాకపోతే ఏ మార్పయినా ముందు అందరూ చర్చించుకోవాలి.

రేణుక ఊళ్ళో టవర్ లేదు. గురువారం పొద్దున్నే ముత్తయ్య కాక ఊళ్ళో ఫోన్లన్నీ ఒక సంచిలో వేసుకుని సైకిలెక్కి, సిగ్నల్ అందే ఆవపల్లి పోతాడు. అక్కడ ఒక్కో ఫోన్ తీసి, ఎవరు ఏది పంపమన్నారో గుర్తు చేసుకుని, దాని మీద నొక్కి, జవాబులతో తిరిగొస్తాడు. పాపం, కళ్ళు సరిగ్గా ఆనవు. ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతుంటాడు.

అందుకే రాజశేఖర్ డిఫాల్ట్ మారుద్దామన్నాడు. డిఫాల్ట్ అంటే ఎవరూ ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే యాప్ తనంతట తాను చేసే పని. ఇన్నాళ్ళూ అది రాసినదాన్ని దాచిపెట్టేది. ఇకమీదట సిగ్నల్ తగలగానే అన్నీ పంపేయాలంటాడతను.

"ముత్తయ్యగారి కష్టం తప్పుతుంది కదండీ," అని రాశాడు.

"కాక కష్టం నాకు తెల్వదా? కోపంల ఎన్నో రాసుకుంటం. అవన్నీ పోవాల్నా? ఏందండీ ఇది!"

"పంపడం ఇష్టం లేకపోతే రాయడం దేనికండీ?"

"మీరెప్పుడూ మనసుల అనుకొని ఊరుకోలేదా?"

దానికి జవాబు మరుసటి గురువారం వచ్చింది. "ఊరుకున్నానండీ. ఇప్పుడు కూడా."

రేణుక ఆ ఒక్క ముక్కనీ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు.

వారానికి ఒక్క మాట చొప్పున రెండు నెలలు నడిచింది. చర్చలో ఉన్న మిగతావాళ్ళు మెల్లగా జారుకున్నారు. బుధవారం నుంచే రేణుక చూపు కాక ఇంటి వైపు ఉండేది. రాజశేఖర్‌కు రాసి, పంపకుండా దాచుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి. "పైదొక్కటే నొక్కు కాకా, కిందవాటి జోలికి పోకు," అని ప్రతిసారీ మరీ మరీ చెప్పి పంపేది.

చివరికి రాజశేఖర్ రాశాడు. "కొత్త డిఫాల్ట్ ముందు మీ ఒక్క ఫోన్‌లో పెట్టి చూద్దామా?"

"పెట్టండి. ఓడేది మీరే," అంది రేణుక పౌరుషంగా. కొత్తది ఫోన్‌లోకి వచ్చి, ఫోన్ ఇల్లు చేరాక, దాచుకున్నవి తీరిగ్గా తుడిచేయవచ్చనుకుంది. ఆవపల్లిలోనే, సంచిలో ఉండగానే అది పని మొదలుపెడుతుందని తట్టలేదు.

"బిడ్డా, మంచిగున్నదే కొత్తది!" అన్నాడు కాక సైకిల్ దిగుతూ. "నీ దాంట్ల నేనేం నొక్కలే. టింగు టింగుమని పదకొండు పోయినయ్!"

రేణుక ఫోన్ లాక్కుని చూసింది. పదకొండూ రాజశేఖర్‌కే. అన్నిటికన్నా పైన ఉన్నది ఇది: "నేను గెలిస్తే వచ్చే గురువారం మీకేం రాయాలి? ఓడినా అంతే కదా. ఈ గొడవ తెగకుంటే బాగుండు."

సిగ్గుతో చచ్చిపోయిందనుకోండి. అతను నవ్వుకుంటే? జాలిపడితే? అమ్మో, అదింకా ఘోరం! ఇక గురువారాలే ఉండవేమోనని భయపడింది.

మళ్ళీ గురువారం వచ్చింది. "ఫోన్ ఖరాబైంది కాకా," అని సంచిలో వేయలేదు.

ఆ మధ్యాహ్నం వాన దంచేస్తోంది. కాక సైకిల్ నడిపించుకొస్తుంటే, వెనకాలే తడిసి ముద్దయిన ఒక కుర్రాడు వచ్చి గుమ్మం ముందు ఆగాడు.

"రేణుక గారూ, రాజశేఖర్‌నండీ. పొద్దున ఆవపల్లి వచ్చి చూస్తే సంచిలో మీ ఫోన్ లేదు. అందుకని నేనే వచ్చాను."

"నవ్వేటందుకు వచ్చిండ్రా?"

"ఓడిపోయానని చెప్పడానికండీ." అతను జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. "పైదొక్కటి చదివాను. మీరు పంపింది కాదని అప్పుడు అర్థమైంది. మిగతా పదీ తెరవలేదు."

నిజమే. పదీ తెరవకుండా అలాగే ఉన్నాయి.

"డిఫాల్ట్ పాతదే ఉంచేశాను. రాసింది దాగే ఉంటుంది. పంపాలనుకున్నదానికి 'సంచిలో వెయ్యి' అని ఒక బటన్ పెట్టాను. అది మీరు నొక్కితే చాలు, కాక ఏమీ వెతుక్కోనక్కర్లేదు." గొంతు సవరించుకున్నాడు. "ఈ పదీ తుడిచేయమంటారా?"

అతని ముక్కు చివర్నుంచి వాన చుక్కలు కారుతున్నాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు మనిషికి. రేణుకకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తుడవకండి. తర్వాత చదువుదురు. ముందు నా నోటితోని వినుండ్రి. మీరంటే నాకిష్టం. ఇది నేను పంపుతున్నదే."

"చేరిందండీ," అన్నాడు రాజశేఖర్. "నేను కూడా ఇక ఊరుకోను. నాకూ మీరంటే ఇష్టం."

లోపలి నుంచి రేణుక తల్లి బుల్లమ్మ కేకేసింది. "ఏందే, ఆ పిల్లగాన్ని వానల్నే నిలబెడ్తవా? బువ్వ వడ్డిస్తున్న, లోపలికి పిలువు!"

రేణుక తువ్వాలు తేవడానికి లోపలికి పరుగెత్తింది.