లేని స్తంభం మోసిన బరువు

లిఫ్టు ఎక్కినప్పుడు ప్రూఫ్ ఇంజనీరు ప్రాణాలతోనే ఉన్నాడు. కింది అంతస్తులో తలుపులు తెరుచుకునేసరికి గోడకు ఆనుకున్న దేహం మాత్రమే మిగిలింది. మెడమీద సూదిమొనంత ఎర్రచుక్క. చేతిలో సెల్‌ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

ఇతరులు వేసిన భవనాల లెక్కలను తిరిగి సరిచూడటం ఆయన వృత్తి. ఆయన చివరి మాట విన్నవాడు గూఢచారి శాఖాధిపతి. శాఖలో అందరూ ఈ అధిపతిని పెద్దాయన అంటారు.

"నవ్వాల్సిన బీము ఏడుస్తోంది, అన్నాడయ్యా. అంతే, లైన్ కట్టయింది. ఇదేం కోడ్‌వర్డు?"

కిటికీలు లేని ఆ గదిలో ఎదుట కూర్చున్నవాడు ఏజెంటు త్రాసు. ఈ కొలువుకు రాకముందు అతడూ స్ట్రక్చరల్ ఇంజనీరే. ప్రతి మాటనూ తూచి గాని పలకడు గనుక శాఖలో ఆ పేరు స్థిరపడింది.

"కోడ్‌వర్డు కాదండి, మా పనిలో వాడుకే. బరువు పడితే బీము మధ్యలో కిందికి వంగుతుంది, నవ్వే పెదవిలాగ. మధ్యలో ఎవరైనా ఎత్తిపట్టుకుంటేనే అక్కడ పైకి వంగుతుంది, ఏడ్చే పెదవిలాగ. ఆయన ఏ భవనం చూస్తున్నారు?"

పెద్దాయన తెరమీద బొమ్మ చూపించాడు. కొత్త సభాభవనం. ఆనాటి మధ్యాహ్నమే ప్రారంభోత్సవం. సంధిపత్రం మీద సంతకాలు చేయవలసిన రెండు దేశాల ప్రతినిధులు పై గ్యాలరీలో ఆసీనులవుతారు. ఆ గ్యాలరీని మోసేది ఒకే ఒక పెద్దబీము. దాని కింద స్తంభం లేదు. కట్టేటప్పుడు నిలిపిన ఆధారాలన్నీ తీసివేయగా నడుమ ఒక్క జాకీ మిగిలింది. రిబ్బను కత్తిరించడానికి మారుగా, మంత్రి స్వహస్తాలతో లీవరు తిప్పి దానిని దించుతాడు.

త్రాసు తెర మీదికి వంగాడు. "జాకీ దించేటప్పుడు డిజైను చేసినవాళ్ళు బీము కిందే నిలబడతారండి. మా వృత్తి మర్యాద అది. వేసిన లెక్కకు వేసినవాళ్ళ తలే పూచీ."

"తెలుసయ్యా. నిలబడేది నీ చెల్లెలనీ తెలుసు."

ఆ చెల్లెలికి అన్న ఇన్సూరెన్సు ఏజెంటుగానే తెలుసు.

"సభ ఆపించండి!"

"చచ్చిపోయినవాడి మాట పట్టుకుని సంధి ఆపమంటే మంత్రి ముందు నన్ను ఆపుతాడు. మీ చెల్లాయికి చెబుదామా అంటే, ఆ భవనంలోకి ఫోన్లు రానివ్వరు. రుజువు కావాలి. లెక్కల మీద చివరి సంతకం ఒక విదేశీ కన్సల్టెంటుది, ఎప్పుడూ తెల్ల గ్లౌజులతో తిరిగేవాడిది. భవనం లెక్కలన్నీ ఉన్న మోడల్ ఫైలు వాడి ఆఫీసులో ఉంది. అక్కడ మన మనిషి ఉంది. నెమలి."

*

కన్సల్టెంటు ఆఫీసులోకి భుజాన గ్యాస్ సిలిండరుతో ఒక ఏసీ మెకానిక్కు ప్రవేశించాడు. రిసెప్షనులో నీలిపట్టు ధరించిన స్త్రీ కనురెప్ప ఎత్తి చూసింది. ఆ చూపు సోకినవాడు వచ్చిన పని మరచిపోవడం సహజం.

"గదిలో ఉక్కపోతగా ఉందండీ," అన్నాడు త్రాసు.

"వాన పడితే తగ్గుతుంది," అంది నెమలి. కోడ్ కలిసింది. లోపలి గది తలుపు తెరిచి, పాస్‌వర్డు తానే కొట్టింది. "సార్ సభకు వెళ్ళారు. పడమటి మెట్లు చూడండి, మర్మమంతా అక్కడే ఉంది."

త్రాసు చేతి గడియారాన్ని కంప్యూటరుకు తగిలించాడు. ఫైలు అందులోకి దిగుతుండగా మోడల్ తెరిచాడు. భవనాన్ని కోసి చూడనక్కరలేకుండా, ప్రతి బీము లోపల, ప్రతి స్తంభం లోపల ఎంత బలం దాగి ఉందో ఆ సాఫ్ట్‌వేరు రంగురంగుల గీతలుగా బయటపెడుతుంది. మనుషుల లోపలి బలాలను అలా గీసిచూపే యంత్రాన్ని భగవంతుడు ఇంకా ఎవరికీ ప్రసాదించలేదు.

పడమటి మెట్లలో ఏ దోషమూ లేదు. భవనం మొత్తం బరువును, ఆధారాలన్నీ మోస్తున్న బరువుతో సరిపోల్చాడు. ఇంజనీరన్నవాడు మొట్టమొదట చేసే తనిఖీ అదే. రెండూ సమానం. చెల్లెలు కూడా ఈ సమానతను చూసే తృప్తిపడి ఉంటుంది.

అప్పుడు చనిపోయినవాడి మాట గుర్తుకు వచ్చింది. గ్యాలరీ బీము ఎక్కడ ఎటు వంగుతుందో చూపే గీతను, బెండింగ్ మొమెంట్ డయాగ్రామ్‌ను తెరిచాడు.

గీత రెండు కొసలనుంచీ సౌమ్యంగా వస్తూ వస్తూ, సరిగ్గా మధ్యలో, తొక్కిన పాములాగ ఎదురుతిరిగింది. బీము ఏడుస్తోంది.

ఆ బిందువు దగ్గర ఒక సపోర్టు ఉంది. కట్టే దశను లెక్కించడానికి చెల్లెలు పెట్టిన తాత్కాలిక ఆధారమే అది. తుది దశలో ఆమె తొలగించింది. తనిఖీకని ఈ ఆఫీసుకు వచ్చిన ఫైలులో దానిని ఎవరో తిరిగి నిలబెట్టారు. బరువంతా లెక్కకు వచ్చింది, కాని అందులో పెద్దభాగం మోస్తున్నది భూమి మీద లేని స్తంభం. సాఫ్ట్‌వేరు చూపిన బలాలను నమ్మి, నడుమ కింద ఉండవలసిన ఇనుపకడ్డీలను పైన వేసి కాంక్రీటు పోశారు. దానవుడొకడు స్తంభాన్ని చూపించి ఇందులో ఉన్నాడా నీ దేవుడని అడిగాడంటారు. ఇక్కడ చూపించడానికి స్తంభమే లేదు.

"పడమటి మెట్లు చూడమన్నాను కదండీ. ఎంత మొండివారు!"

వెనుక తలుపు గడియ పడింది. నెమలి కుడిచేతి ఉంగరం నుంచి సన్నని సూది తొంగిచూస్తోంది.

"లిఫ్టులో ఆయనకు కూడా ఇలాగే స్వాగతం చెప్పారన్నమాట."

"పెద్దగా బాధపడలేదండీ ఆయన. మీ చెల్లెలి పని ఇంకా తేలిక. లెక్క మారిందని చెప్పగలిగింది ఆవిడొక్కతే. ఆవిడే వెళ్ళి దానికింద నిలబడుతుంది. ఎంత చక్కటి మర్యాదండీ మీ వృత్తిది!"

త్రాసు గడియారాన్ని లాక్కుని, సిలిండరు మీటను మోకాలితో గుద్దాడు. తెల్లని చలిపొగ బుస్సుమని గదినంతా కమ్మేసింది. నెమలి దగ్గుతూ సూదిని గాలిలోకి గుచ్చింది. పొగ విడిపోయేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది, త్రాసు లేడు.

*

చేతిలో స్క్రూడ్రైవరుతో వచ్చే ఏసీ మెకానిక్కును ఏ సభలోనూ ఎవరూ ఆపరు. పెద్దాయన దగ్గరికి వెళ్ళే వ్యవధి లేక నేరుగా వచ్చిన త్రాసు లోపల అడుగుపెట్టేసరికి గ్యాలరీ కిటకిటలాడుతోంది. కింద మంత్రి లీవరు మీద చెయ్యి వేసి ఫొటోలకు నవ్వుతున్నాడు. పక్కన తెల్ల గ్లౌజుల కన్సల్టెంటు మెల్లమెల్లగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. బీము కింద, తలమీద హెల్మెట్టుతో, ఒంటరిగా చెల్లెలు.

కేక వేస్తే పైవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి రెయిలింగు మీదికి విరుచుకుపడతారు. ఆ కుదుపుకు బీము జాకీనీ లెక్కచేయదు. త్రాసు ఇష్టదైవాన్ని తలచుకుని నడిచి వెళ్ళి చెల్లెలి పక్కన నిలిచాడు.

"అన్నయ్యా! ఏంటీ వేషం?"

"నీ బీము ఏడుస్తోందమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మధ్యలోనా?"

"మధ్యలోనే. నువ్వు తీసేసిన సపోర్టు మళ్ళీ పెట్టారు. చెక్ చేసినవాళ్ళే."

ఒక్క క్షణం ఆమె కళ్ళెత్తి బీము వైపు చూసింది. అడుగు పక్కకు వేస్తే తను బ్రతుకుతుంది, పైనున్నవారు మిగలరు. ఆమె మైకు అందుకుంది.

"మంత్రిగారూ, ఒక్క మనవి! లెక్క వేసింది నేను. అది సరైనదని సంతకం చేసింది కన్సల్టెంటుగారు. మా వృత్తి మర్యాద ప్రకారం వారు కూడా నా పక్కన నిలబడాలి. దయచేసి చప్పట్లతో ఆహ్వానించండి!"

సభ చప్పట్లతో మారుమోగింది. కన్సల్టెంటు ముఖం గ్లౌజుల రంగుకు తిరిగింది.

"నాకు... నడుంనొప్పి..."

"నిలబడటమే కదా సార్, పరుగెత్తమనలేదుగా," అంటూ ఆత్మబంధువులాగ త్రాసు అతడి మోచేయి పట్టుకున్నాడు. స్క్రూడ్రైవరు మొన పక్కటెముకలను పలకరించింది. ముగ్గురూ బీము కింద నిలిచారు. కన్సల్టెంటు గొంతు దగ్గర మైకు. ఫ్లాష్ బల్బుల కాంతిలో పరవశించిన మంత్రి లీవరు తిప్పాడు.

జాకీ వెంట్రుకవాసి దిగింది. పైన ఎక్కడో, ఎముక విరిగినట్టు, చిన్న చప్పుడు. సున్నపు రజను రాలి తెల్ల గ్లౌజు మీద పడింది.

"ఆపండి! తిప్పకండి! అది నిలవదు!" కన్సల్టెంటు కేక మైకులోనుంచి కింది హాలంతటా మోగింది, పై గ్యాలరీలో మాత్రం చప్పట్ల హోరులో కలిసిపోయింది.

"అది మీకెలా తెలుసు సార్?" అని చెల్లెలు అదే మైకులో నెమ్మదిగా అడిగింది.

మంత్రి చెయ్యి కొయ్యబారింది. త్రాసు ఒక్క గెంతున లీవరును వెనక్కి తిప్పాడు. జాకీ తిరిగి బీమును అదుముకుంది. టీ విరామమని ప్రకటించి ప్రతినిధులను వరుస తరువాత వరుసగా కిందికి దించారు. అసలు సంగతి వారెవరికీ తెలియలేదు. టీ బాగాలేదని మాత్రం ఒకరు ఫిర్యాదు చేశారు.

గడియారంలోని ఫైలు అందుకుంటూ పెద్దాయన నిట్టూర్చాడు. "నెమలి దొరకలేదయ్యా. మన మనిషే అనుకున్నాం."

"వాళ్ళూ అలాగే అనుకుని ఉంటారండి. ఆవిడ బరువు ఎవరు మోస్తున్నారో ఆవిడకైనా తెలుసో లేదో."

బయట మెట్లమీద చెల్లెలు హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నను ఎగాదిగా చూసింది.

"అన్నయ్యా, నిజం చెప్పు. ఇన్సూరెన్సు ఏజెంటు చేతిలో స్క్రూడ్రైవరెందుకు?"

త్రాసు దానిని తూచినట్టు అరచేతిలో ఒకసారి ఎగరేసి జేబులో వేసుకున్నాడు.

"కొందరు కస్టమర్లు ఇది తగిలితే గాని మైకు ముందు నోరు విప్పరమ్మా."