జనం నవ్విన రికార్డు

"ఈసారి వేషం రికార్డ్ ప్లేయర్ల మెకానిక్‌ది, బావా," అన్నాడు చీఫ్.

చీఫ్ ఏజెంట్‌కు స్వయానా బామ్మర్ది. ఏజెంట్‌ను డిపార్ట్‌మెంట్‌లో అందరూ నత్త అంటారు. మోకాళ్ళు అరిగాయి. గన్ కంటే ముందు కళ్ళజోడు తడుముకుంటాడు.

"ఇదే ఆఖరిది," అన్నాడు నత్త.

"కిందటిసారీ అదే అన్నావు. విను."

ఎప్పటిదో పాత వినైల్ ఆల్బమ్. ఒక మిమిక్రీ ఆర్టిస్టు దేశాధినేతను వెక్కిరిస్తూ చేసిన కామెడీ. గొంతు అచ్చు గుద్దినట్టు ఆయనదే. ప్రభుత్వం దొరికిన కాపీలన్నీ విరగ్గొట్టింది. దొరకనిది ఒకటి విదేశీ ముఠా చేతికి చిక్కింది. ఈ సాయంత్రం వార్తలకు ముందు రేడియోలో వేస్తారు. అందులో అధినేత సైనికులను ఆయుధాలు కింద పెట్టమంటాడు. నమ్మి పెట్టారా, సరిహద్దు అవతల కాచుక్కూర్చున్నవాళ్ళు లోపలికొస్తారు.

"అరెస్ట్ చెయ్యండి."

"రేడియోలో మనవాళ్ళెవరో వాళ్ళవాళ్ళెవరో తెలిసి చస్తేగా! అక్కడ సరిహద్దు చౌకీలో మీవాడున్నాడు, బావా."

"మావాడేంట్రా? నీ మేనల్లుడు కాడూ?"

నత్త టూల్ బాక్స్ అందుకుని లేచాడు.

పాత రికార్డుల షాపు నెమలి అని పిలిచే ఆమెది. పట్టు స్కార్ఫు, ఖరీదైన సెంటు. ఇటూ అటూ రెండు జీతాలు తీసుకునే డబుల్ ఏజెంట్.

"సూది అరిగిందా?" కోడ్ అడిగింది.

"సూది కాదు, చెవులు."

ఆమె ఒక రికార్డు చేతిలో పెట్టింది. "వాళ్ళది స్టూడియోలో చేసింది. ఇది హాల్లో జనం ముందు చేసింది. అట్టా లేబులూ ఒకటే. దీంట్లో జనం పగలబడి నవ్వుతారు. మార్చెయ్."

"నమ్మొచ్చా?"

"నన్ను నమ్మి ఇంతవరకూ ఎవడూ బాగుపడలేదు."

వేసి వినేలోపు బయట కారు హారన్ మోగింది. నెమలి ఇస్తానన్న మెకానిక్‌ను రేడియో స్టేషన్‌కు తీసుకెళ్ళడానికి ముఠా వాళ్ళే వచ్చారు.

స్టూడియోలో ముఠా తరఫున ఒక కోటు మనిషి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నత్త టర్న్‌టేబుల్ తుడిచాడు, రికార్డు తుడిచాడు. టూల్ బాక్స్ దొంగ అరలోకి ఒకటి పోయింది, అందులోంచి ఒకటి వచ్చింది. కోటు మనిషి సూది ఆనించి, రెండు మాటలు విని ఎత్తేశాడు. పాత రికార్డులు పోగుచేసే పిచ్చి అతనిది. వేసినకొద్దీ అరిగిపోతుందని భయం.

ఎర్ర లైటు వెలిగింది.

"ప్రియమైన సైనికులారా!" అంది ఆ గొంతు. హాల్లో ఉలుకూ పలుకూ లేదు. నెమలి ముంచేసింది.

"మీ ఆయుధాలు కింద పెట్టండి."

నిశ్శబ్దం. చౌకీలో కొడుకు తుపాకీ దించుతూ ఉంటాడు.

"చప్పుడుకి నాకు కునుకు పట్టడం లేదు!"

ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది. ఆ వెంటనే హాలు హాలంతా గొల్లుమంది. చప్పట్లు, ఈలలు. కోటు మనిషి సూది పీకేలోపు దేశమంతా వినేసింది. అతను తుపాకీ ఎత్తేలోపు నత్త టూల్ బాక్స్‌తో నెత్తిన ఒక్కటిచ్చాడు. గన్ వెతుక్కునే ఓపిక లేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. "పిల్లాడు క్షేమం, బావా. చౌకీలో ఇంకా నవ్వుతూనే ఉన్నారట. అధినేతకే ఒళ్ళు మండింది. ఆ రోజు హాల్లో మొదట నవ్విందెవరో పట్టుకోమన్నారు. కేసు నీదే."

నత్త బూట్లు విప్పుకున్నాడు.

"పట్టుకునేదేముందిరా? పాతికేళ్ళుగా ఇంట్లో వింటున్న నవ్వే. మీ అక్కయ్య."

అవతల కాగితం చింపిన చప్పుడైంది.

"సాక్ష్యాలు దొరకలేదని రాసేస్తున్నా, బావా."