ఇంకా ఎవరైనా చూస్తున్నారా

పిల్లలూ, మీ తీగల మామయ్య ఇల్లు మారిన సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. చెబితే రాత్రిళ్లు మీరు నిద్రపోరని భయం. ఇప్పుడు మీ గదుల్లోకి కూడా తెరలూ కెమెరాలూ వచ్చాయి. ఇక చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మామయ్యకి ఆ పేరు ఊరికే రాలేదు. ఊళ్లోవాళ్ల ఇళ్లకి నెట్‌వర్కు తీగలు లాగడం, రూటర్లు సరిచేయడం ఆయన ఉద్యోగం. సొంతింటి పనికి మాత్రం ఎప్పుడూ రేపే.

అది చలికాలం. సాయంత్రం కాకముందే కిటికీల్లో చీకటి చేరేది. వాళ్లు కొత్తగా అద్దెకి దిగిన పాత మేడలో, పై గదిలో ఐదేళ్ల పాప జ్వరంతో పడుకుని ఉంది. గండం గడిచిందని డాక్టరు చెప్పినా అత్తయ్య మనసు కుదురుగా లేదు. మెట్లెక్కి నుదురు ముట్టుకోవడం, దిగడం, మళ్లీ ఎక్కడం...

"కాళ్లు అరిగిపోతాయే నీకు. పాప గదిలో కెమెరా ఉందిగా, హాల్లో టీవీలోనూ వంటింట్లో టాబ్‌లోనూ కనబడేట్టు చేస్తాలే."

"పోయిన వారమూ ఇదే పాట. ఊరందరికీ టీవీల్లో బొమ్మ తెప్పిస్తారు, పెళ్లానికొచ్చేసరికి మాటలు!"

మామయ్య నవ్వుతూ మెట్ల కింద అలమర తలుపు తీశాడు. తడి గోడ వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పున కొట్టాయి. లోపల రూటరు. కెమెరా ఒక గట్టున, చూసే తెరలు ఇంకో గట్టున ఉన్నట్టు లెక్క. తెరల గట్టున ఎవరైనా బొమ్మ కావాలంటే, వాళ్ల తరఫున అవతలి గట్టుకి కబురు మోసే పని రూటరుకి అప్పజెప్పాలి. దాన్ని మల్టీకాస్ట్ ప్రాక్సీ అంటారు. ఎవరి తరఫున మోయాలో ముందే చెప్పాలి. టీవీ తీగ ఒకటి, వంటింటి వైఫై డబ్బా తీగ ఒకటి. ఆ రెండే చాలు. కానీ ఇంటితోపాటు వచ్చిన తీగ ఇంకొకటి గోడలోకి పోతోంది. అది ఎక్కడిదో ఆయన ఎప్పుడూ చూడలేదు. పైనుంచి పాప దగ్గింది. తొందరలో లాప్‌టాప్‌లో "అన్నీ" అని నొక్కేశాడు.

టీవీలో పాప కనబడింది. దుప్పటి గుండెల దాకా, పెదాలు కొంచెం విడివడి.

"ఫరవాలేదు, పనికొస్తారు," అంది అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ.

పని సరిగ్గా అయిందో లేదో చూడకుండా వదిలే మనిషి కాదు మామయ్య. టీవీ ఆపాడు. టాబ్ ఆపించాడు. చూసేవాళ్లు లేకపోతే బొమ్మ రావడం ఆగాలి. అందుకే రూటరు కాసేపటికోసారి, బడిలో పంతులు హాజరు పిలిచినట్టు, ఇంకా ఎవరైనా చూస్తున్నారా అని అన్ని తీగల మీదా అడుగుతుంది. ఎవరూ పలకకపోతే ఆపేస్తుంది.

అడిగింది.

ఎవరో పలికారు.

మామయ్య లాప్‌టాప్‌లోకి వంగి చూశాడు. జవాబు మూడో తీగ మీదుగా వచ్చింది. గోడలోకి పోయే తీగ. పట్టుకుని లాగాడు. ఏమాత్రం బిగువు లేకుండా జారి వచ్చింది... మూరెడు. కొస తెగి ఉంది. దేనికీ తగిలించి లేదు.

అలమరలో చల్లగా ఉంది. ఆ కొస మాత్రం వెచ్చగా ఉంది, ఇప్పటిదాకా ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టు.

దాన్ని రూటరు నుంచి కూడా పీకి పారేశాడు. తెరకేసి చూశాడు. మళ్లీ హాజరు పిలిచింది. నిశ్శబ్దం... తర్వాత జవాబు.

నాలుగో పోర్టు నుంచి. దానికి తీగే లేదు.

"ఏమైందండీ?" అత్తయ్య గొంతు గుసగుసలోకి దిగింది.

"పాపని ఇంకెవరో చూస్తున్నారు."

"ఒక్కరేగా? ఆ తీగ తీసేశారుగా?"

"తీశాను. ఇప్పుడు ఇంకొకరు."

"మరి ఇందాకంతా ఈ రెండోవాళ్లు ఎందుకు పలకలేదు?"

"ఒకరు పలికితే తక్కినవాళ్లు ఊరుకుంటారు. పద్ధతే అంత. ఎందరున్నా... మనకి వినబడేది ఒక్కరే."

రూటరు కరెంటు తీసేద్దామన్న ఆలోచన కూడా రాలేదు. మెట్లు రెండేసి ఎక్కి, పాపని దుప్పటితో సహా ఎత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కారు. వెనక సీట్లో అత్తయ్య ఒక పక్కకి కూర్చుని, పాప తలని ఒళ్లో పెట్టుకుంది. పాప కళ్లు తెరవలేదు.

వీధి మలుపు తిరిగాక మామయ్య కారు ఆపి, ఫోన్లో రూటరుని చూశాడు. అడిగింది. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగింది. ఎవరూ లేరు. బొమ్మ ఆగిపోయింది.

"హమ్మయ్య. పోయారా?"

మామయ్య ఔననబోయి ఆగాడు. ఆ గదిలో ఇప్పుడు చూడ్డానికి పాప లేదు కదా...

మెల్లగా అద్దంలోకి చూశాడు. నిద్రలోనే పాప కాళ్లు ముడుచుకుంది. సీటు అవతలి చివర, ఎవరో కూర్చోడానికి చోటిచ్చినట్టు.

ఆ పాపే మీ వదిన. మనింటికి వచ్చినప్పుడు చూడండి, సోఫా అంతా ఖాళీగా ఉన్నా ఒక చివరకి ఒదిగే కూర్చుంటుంది. ఎందుకని మాత్రం అడగకండి. రేపు మీకు పిల్లలు పుట్టి, వాళ్ల గదుల్లో మీరూ కెమెరాలు పెడితే, ఈ కథ వాళ్లకి చెప్పండి. పగటిపూట, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి.