చెరిగిపోయిన చుక్క

"మీ సాఫ్ట్‌వేర్ నా నక్షత్రాన్ని చెరిపేసింది," అంది ఆమె గుమ్మంలోనే నిలబడి.

అతను ప్రోగ్రామర్. అంతరిక్ష టెలిస్కోపు పంపే ఫొటోల్లో మచ్చల్ని ఏరి తుడిచేసే సాఫ్ట్‌వేర్ అతను రాసిందే. ఆమె పై అంతస్తులో పనిచేసే ఖగోళ పరిశోధకురాలు. పాత వెర్షన్‌లో కనిపించిన ఓ చిన్న చుక్క కొత్త వెర్షన్‌లో మాయమైంది. దాన్ని మళ్ళీ చూడాలంటే కొత్త వెర్షన్ ఇచ్చిన ఫొటో జతచేసి, టెలిస్కోపు సమయం కోరుతూ దరఖాస్తు పెట్టాలి. ఆ సాయంత్రం అయిదింటికే గడువు.

అది నక్షత్రం కాదనీ, కెమెరాకు తగిలిన కాస్మిక్ కిరణం వదిలిన మచ్చ అనీ అతను తేలిగ్గా కొట్టిపారేశాడు. ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుని, అసలు ఫొటోలు తెరవమంది.

నాలుగు ఫొటోలు. ఒక్కోదానికి టెలిస్కోపు కాస్త పక్కకు జరిగింది. చుక్క మాత్రం నాలుగింటిలోనూ ఆకాశంలో అదే చోట ఉంది, ఒక్కోసారి ఒక్కో వెలుగుతో. కిరణమైతే ఒక్క ఫొటోలోనే కనిపించేది.

అతని చెవులు ఎర్రబడ్డాయి. వెలుగు ఉన్నట్టుండి మారితే అది మచ్చేనని ప్రోగ్రామ్‌కి నేర్పింది తనే.

"తప్పు నాదే. మూడు గంటలు టైమివ్వండి."

"ఉన్నదే మూడున్నర గంటలు," అంది ఆమె.

భోజనం మాట ఇద్దరూ మరిచారు. ఆమె అంకెలు చదువుతుంటే అతను కోడ్ దిద్దాడు. ప్రోగ్రామ్ రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. నాలుగూ నలభైకి ఫొటో పైనుంచి కిందకి మెల్లగా తెరుచుకుంది. చుక్క ఉంది. ఆమె తనకు తెలియకుండానే అతని మణికట్టు పట్టుకుంది. తెలిశాక కూడా వెంటనే వదల్లేదు.

దరఖాస్తు గడువుకు మూడు నిమిషాల ముందు వెళ్ళింది. తన సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందని అతనే అందరికీ మెయిల్ పెట్టాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది.

ఆ తర్వాత ఆమెకు రోజుకో లోపం కనబడసాగింది. చాలావరకు లోపాలే కావు. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ప్రతిదాన్నీ శ్రద్ధగా పరిశీలించేవాడు.

రెండు నెలల తర్వాత ఓ మధ్యాహ్నం ఆమె మెట్లమీద పరుగున దిగివచ్చింది. టెలిస్కోపు సమయం దొరికింది. మీ బాస్‌కి చెప్పారా అని అడిగాడు అతను.

"ఇంకా లేదు. ముందు అమ్మకి చెప్పాను, తర్వాత మీకే."

"అమ్మగారు ఏమన్నారు?"

"నక్షత్రం సంగతి సరే, ఆ అబ్బాయిని ఎప్పుడు చూపిస్తావంది."

"ఏ అబ్బాయిని?"

"లేని తప్పులు వెతుక్కుంటూ నేను రోజూ ఎవరి దగ్గరికి వస్తున్నానో, ఆ అబ్బాయిని."

"ఆదివారం వస్తానని చెప్పండి," అన్నాడు.

ఆమె కళ్ళలోకి చూస్తూ దిద్దుకున్నాడు.

"చెప్పు."